అప్‌డేట్: పాపను పియానోలో చేర్చాము

మా పాపకు అయిదేళ్లు, పియానో ఇప్పుడే మొదలుపెట్టాలా, ఏడేళ్లు వచ్చేదాకా ఆగాలా అని అడిగాను కదా. వయసు కాదు, పిల్లను చూడండి అని మీలో చాలామంది చెప్పారు. ఆ మాటే పట్టుకుని ఒక టీచరు దగ్గరికి తీసుకెళ్లాము.

ఆవిడ పాటేమీ వాయించమనలేదు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి చూపించమన్నారు. నల్ల మీటలు ఎక్కడ రెండేసి ఉన్నాయో, ఎక్కడ మూడేసి ఉన్నాయో వెతకమన్నారు. పాప టకటకా చూపించేసింది. తర్వాత చేతులు బల్లమీద పెట్టించి ఒక్కో వేలూ ఎత్తమన్నారు. ఉంగరపు వేలు ఎత్తబోతే చిటికెన వేలూ దాంతోపాటే లేచింది. అది పెద్దవాళ్లకూ కష్టమే, కంగారు పడకండి అన్నారు. ఆవిడ ముఖ్యంగా చూసింది ఒక్కటే: చెప్పింది విని, తప్పు చేస్తే అలగకుండా మళ్లీ చేస్తుందా లేదా అని. చేసింది!

వారానికి ఒక్క అరగంట క్లాసు, పక్కన అమ్మో నాన్నో కూర్చోవాలి. ఇంట్లో రోజూ పది నిమిషాలు చాలట. ప్రస్తుతానికి 61 మీటల కీబోర్డు కొన్నాము, గట్టిగా నొక్కితే గట్టిగా పలికేది. 88 మీటలది తర్వాత చూస్తాము. కాళ్లు నేలకు అందవు కాబట్టి కింద పీట వేశాము. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.