గోల్డెన్ ఫెజెంట్ ఫొటోల్లో రంగు రావట్లేదు, దారి చెప్పండి

కడియపులంక కుర్రాడు
పొద్దున్న 6 నుంచి 11 దాకా కూర్చున్నాను. నాలుగొందల ఫొటోల్లో ఒక్కటీ పనికిరాలేదు. మా మావయ్య పెంచుతున్న గోల్డెన్ ఫెజెంట్ పుంజు అది. కంటికి చూస్తే నెత్తిన పట్టుదారాల్లాంటి పసుపు కుచ్చు, పొట్టంతా కుంకుమ ఎరుపు, మెడచుట్టూ నారింజ మీద నల్ల చారలు. ఫొటోలో మాత్రం ఆ ఎరుపు నానిన ఇటుకలా వస్తోంది. పైగా అలికిడైతే చాలు, క్రోటన్ కుండీల వెనక దూరిపోతోంది. సెట్టింగులన్నీ మార్చి చూశాను. లెన్స్ పోయిందంటారా?

లంక కెమెరా
ఏ కెమెరా? ఏ లెన్స్? షట్టర్ ఎంత?

కడియపులంక కుర్రాడు
కెనాన్ 1500డి, 55-250 లెన్స్. జూమ్ చివరిదాకా లాగి తీశాను. 1/60, ఎఫ్5.6, ఐఎస్ఓ 400. చీకటిగా ఉందని ఫ్లాష్ కూడా వేశాను.

పిట్టలగూడు
ముందు ఆ ఫ్లాష్ ఆపండి, దండం పెడతాను. ఫెజెంట్ బెదిరితే పక్కకి పరిగెత్తడమే కాదు, ఒక్కోసారి బాణంలా నిలువునా లేస్తుంది. పైన గట్టి ఇనుప జాలీ (మెష్) ఉంటే నెత్తి చర్మం చీలిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు పైకప్పుకి మెత్తటి వల కడతారు. పక్షి కుదురుకోకుండా ఏ కెమెరా పట్టుకున్నా లాభం లేదు. వారం రోజులు ఒకే వేళకి, అదే చొక్కాతో వెళ్లండి. కాస్త తోటకూర తరుగు వేసి, కదలకుండా కూర్చోండి. నాలుగో రోజుకో అయిదో రోజుకో అదే ముందుకొస్తుంది. ఇవి తెల్లవారుజామున, సాయంత్రం బాగా తిరుగుతాయి. 11 గంటలదాకా కూర్చోవడం మీకూ శ్రమే, దానికీ శ్రమే.

రాజోలు
మా వైపు దీన్ని చైనా నెమలి అంటారండి. అడవి కోడి అని కూడా విన్నాను.

పాలకొల్లు మాస్టారు
అడవి కోడి వేరండి, అది మన నాటుకోడికి పూర్వీకుల వంశం. నెమలీ వేరే. మూడూ ఒకే కుటుంబంలోవి, అంతవరకే నిజం. ఇది మధ్య చైనా కొండల అడవుల పక్షి. పేరు తప్పు రాస్తే వెతికేవాళ్లకి దొరకదు. ఫెజెంట్ అనే రాయండి.

రాజోలు
మనిషికి అర్థమయ్యేదే పేరు కదండీ. మా నాన్నగారికి ఫెజెంట్ అంటే తెలీదు, చైనా నెమలి అంటే ఠక్కున చెబుతారు.

పాలకొల్లు మాస్టారు
అలాగైతే రేపు ఎవరో నెమలిని పెంచుతున్నారని అనుకుంటారు. మన నెమలినీ రామచిలుకనీ బోనులో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఆ తేడా తెలియాలనే ఇంతగా చెబుతున్నాను.

లంక కెమెరా
పేరు సంగతి తర్వాత. 1/60 సెకను షట్టర్‌కి కదిలే తల మసకగా వస్తుంది, 1/320 పెట్టండి. చీకటి పడకుండా ఐఎస్ఓ (వెలుతురు పట్టే స్థాయి) 1600 చేయండి. మధ్యలో మెష్ ఉందా?

కడియపులంక కుర్రాడు
ఉంది కదండీ, లేకపోతే ఎగిరిపోదా! అరంగుళం జీఐ మెష్. నేను నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను.

లంక కెమెరా
అదీ సంగతి. లెన్స్‌ని మెష్‌కి దాదాపు ఆనించి, కన్నం ఎదురుగా పెట్టండి. పక్షి అవతలికి ఓ ఆరడుగులు ఉంటే తీగలు కనబడకుండా కరిగిపోతాయి. ఫోకస్ ఒక్క పాయింట్ మీద పెట్టి కంటి మీద నిలపండి. లెన్స్ ఎదురుగా ఉన్న ఆ చిన్న మెష్ ముక్కకి మాత్రం నలుపు పెయింట్ వేయండి, మెరుపు పోతుంది. ఇక రంగు సంగతి. పైన ఏముంది?

కడియపులంక కుర్రాడు
పైనా? షేడ్ నెట్టేనండి, ఆకుపచ్చది. ఇక్కడ అన్ని నర్సరీల్లో అదేగా.

లంక కెమెరా
ఈ మాట మొదటే చెప్పాలి! పైనుంచి వచ్చే వెలుతురులో ఆకుపచ్చ పాలు ఎక్కువ. ఎరుపు ఈక ఆకుపచ్చని వెనక్కి పంపదు, అందుకే నల్లబడి ఇటుకలా కనిపిస్తోంది. లెన్స్‌కి ఏమీ కాలేదు. ఆ నెట్ కిందే ఓ తెల్ల కాగితం ఫ్రేమ్ నిండా తీసి, మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి (ఏది తెలుపో కెమెరాకి చెప్పే సెట్టింగ్) ఆ ఫొటో ఇవ్వండి. జేపెగ్ కాకుండా రా (RAW) ఫైలుగా తీయండి, రంగు తర్వాత సరిదిద్దుకోవచ్చు.

రాజోలు
నెట్ తీసేస్తే పోలా?

పిట్టలగూడు
వద్దండి! గట్టి ఎండ తగిలితే దీని ఈకల రంగు వెలిసిపోతుంది. నీడే దీనికి ఆధారం. పైగా మన ఎండాకాలం ఉక్క తెలుసు కదా. కావాలంటే అది కూర్చునే కర్ర పైన మాత్రం ఆకుపచ్చ నెట్ తీసి, తాటాకు వేయమని మావయ్యగారిని అడగండి. నీడకి నీడ ఉంటుంది, పక్కనుంచి తెల్లటి వెలుతురూ వస్తుంది.

కడియపులంక కుర్రాడు
కాగితంతో తీశాను, ఎరుపు వచ్చింది. థాంక్సండి. మీటరు పొడుగు పక్షిలో మూడొంతుల్లో రెండొంతులు తోకే, అది ఫ్రేములో పట్టట్లేదు. తాటాకు సంగతి మావయ్య ఆదివారం చూద్దామన్నాడు.

రాజోలు
ఆ ఫొటో పెట్టండి ఓసారి, మా నాన్నగారికి చూపిస్తాను.