సమస్యాపూరణం: నిలిచి యున్నట్టి చుక్కలే నింగి నడచె

ఈ వారం సభ్యులకు ఇచ్చిన చివరి పాదం ఇది, తేటగీతి ఛందస్సులో ఉంది. చుక్కలు నిలిచి ఉన్నాయంటూనే నడిచాయంటోంది. పాదంలో అక్షరం మార్చకుండా, ఆ చిక్కు విడిపోయేలా పై మూడు పాదాలు రాయాలని అడిగాను. ఇద్దరు ఆటవెలదిలో పంపారు. అది వేరే ఛందస్సు. భావం బాగుంది కానీ గణాలు (లఘువు గురువుల వరుసలు) కుదరవు, మళ్లీ ప్రయత్నించండి.

పూరణ 1 (రాజమండ్రి సభ్యులు)

పడవ యెక్కిన వానికి పరుగు తీయు
గట్టు మీదను చెట్లెల్ల గాలి వోలె;
పుడమి పడవగా మనలను పొదివి తిరుగ
నిలిచి యున్నట్టి చుక్కలే నింగి నడచె.

వ్యాఖ్య: గోదావరి ఒడ్డున పుట్టినవారికి ఈ పోలిక తోచడం సహజమే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గోళపాదంలో ఆర్యభటుడు వాడిందీ ఇదే. పడవలో ముందుకు పోయేవాడికి కదలని గట్టు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, లంకలో ఉన్నవాడికి కదలని నక్షత్రాలు సూటిగా పడమరకు పోతున్నట్టు కనిపిస్తాయన్నాడు. లంక అంటే ఆయన లెక్కలో భూమధ్యరేఖ మీది చోటు.

మీ 'గాలి వోలె' యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం) కోసం వచ్చిందే తప్ప పని చేయడం లేదు. దిక్కు చెప్పండి. భూమి తూర్పుకు తిరుగుతుంది కనుకే చుక్కలు పడమరకు పోతాయి. రెండో పాదం ఇలా ఉంటే?

వెనుకకే గట్టు మీదున్న వేపచెట్లు

*ఒక సభ్యుని ప్రశ్న:* ఖగోళ పండితుడు వరాహమిహిరుడు భూమి తిరుగుతుందంటే ఒప్పుకోలేదు కదండీ? నేల తిరిగితే గూడు వదిలిన పక్షి మళ్లీ గూటికి ఎలా చేరుతుందన్నాడు.

జవాబు: మంచి ప్రశ్నే వేశాడు. గాలి కూడా నేలతో పాటే తిరుగుతుంది, పక్షి ఆ గాలిలోనే ఉంది. రైలు పెట్టెలో ఎగిరే ఈగ వెనక గోడకి కొట్టుకోదు చూడండి, అలా. ఆర్యభటుడు మాత్రం 43,20,000 ఏళ్ల మహాయుగంలో భూమి 1,58,22,37,500 సార్లు తిరుగుతుందని లెక్క ఇచ్చాడు. భాగించి చూస్తే ఒక చుట్టుకు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు వస్తుంది. నేటి కొలతా అంతే! ఈ లెక్క చేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పూరణ 2 (హైదరాబాద్ సభ్యులు)

కెమెర కన్నును తెరచితి గంట సేపు;
ధ్రువుని చుట్టును వెలుగుల తోరణములు
గీచె ధారుణి తనచుట్టు గిర్రుమనుచు;
నిలిచి యున్నట్టి చుక్కలే నింగి నడచె.

వ్యాఖ్య: మొదటి పాదంలో యతి తప్పింది. 'కె'కి 'గ' చెల్లదు, అచ్చు కలవాలి. 'గంట'ని మాత్రం వదులుకోకండి, పద్యానికి ప్రాణం అదే. గంటకు 15 డిగ్రీలే కనుక ఫొటోలో పూర్తి వలయాలు రావు, వంపు గీతలే వస్తాయి. ధ్రువుడి దగ్గరి చుక్కదైనా దూరపు చుక్కదైనా ఆ వంపు 15 డిగ్రీలే. మీరు వలయాలనకుండా తోరణాలన్నారు, కళ్లారా చూసి రాసిన మాట అది. మొదటి పాదానికి నా సూచన:

గంట సేపును కెమెరాకు కన్ను తెరువ

'గిర్రుమనుచు' మాత్రం బొంగరానికి సరిపోతుంది, రోజుకు ఒక్క చుట్టు తిరిగేదానికి కాదు. ఇంకో సంగతి. హైదరాబాద్ నుంచి ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చేయి చాపి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్లు కూడా లేదు. అందుకే మనకు సప్తర్షులు కూడా అస్తమిస్తారు.

పూరణ 3 (అమలాపురం సభ్యురాలు)

అమ్మ పక్కన పడుకొని యరయుచుంటి;
కోడి పిల్లల చుక్కలు కొబ్బరాకు
దాటి పోయెను; మంచము తరలలేదు;
నిలిచి యున్నట్టి చుక్కలే నింగి నడచె.

(కృత్తికలను మా అమ్మ పిల్లలకోడి అనేది. యతి కోసం అటూ ఇటూ చేశాను.)

వ్యాఖ్య: అమ్మా, ఈ వారం నాకు బాగా నచ్చిన పద్యం ఇదే. నులక మంచం, పైన కొబ్బరాకు, దాని సందుల్లోంచి ఆరేడు చుక్కల గుంపు. కునుకు తీసి లేచేసరికి గుంపు ఆకుకు అవతల ఉంది. అందరం చూసిందే, ఎవరూ రాయలేదు.

కానీ చిక్కు విడలేదు. మంచం కదలలేదంటే చుక్కలే నడిచాయని ఒప్పుకున్నట్టే. నిజానికి మీ ఊరి అక్షాంశంలో నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. మంచం, అమ్మ, కొబ్బరిచెట్టు, మీరు అందరూ దానితోనే. ఒక్క మాట మారిస్తే చాలు:

దాటి పోయెను, మంచము తరలు కతన

*సభ్యురాలి జవాబు:* 'తరలలేదు' తీసేయడానికి మనసు ఒప్పుకోలేదండీ మొదట. రాత్రి డాబా మీద పడుకుని, నేను తూర్పుకు పోతున్నానని అనుకుంటూ పైకి చూశాను. కాసేపటికి కడుపులో పడవ ఊగినట్టయింది. మీ మార్పే ఉంచుతున్నాను.

వచ్చే వారం సమస్య, ఇదీ తేటగీతే:

ధ్రువుడు సైతము కదలెను దొంగవోలె

ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువం మీద లేదు, డిగ్రీలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ దూరంలో చిన్న చుట్టు చుడుతుంది. ఆ దారిలో ఆలోచించండి.