ఏడు కంప్యూటర్ల ట్రస్టుకు నెలనెలా పైసలు కట్టి నెట్ భద్రత పెట్టించాల్నా?

హన్మకొండ_ట్రస్టు:
మాది హన్మకొండల చిన్న సంస్థ. ములుగు దిక్కు ఊళ్లల్ల సాయంత్రం బడులు నడుపుతం. ఏడు కంప్యూటర్లున్నయి, మూడింట్ల ఇంకా విండోస్ 10 ఉంది. 80జీ (విరాళానికి పన్ను మినహాయింపు) రసీదుల కోసం తీసుకున్న దాతల పాన్ నంబర్లు, పిల్లల వివరాలు అన్నీ వాటిల్నే. నక్కలగుట్టల ఒకాయన కంప్యూటరుకు నెలకు 600 అడుగుతున్నడు. యాంటీవైరస్, అప్‌డేట్లు, బ్యాకప్ చూసుకుంటడు, ఏమన్నయితే వస్తడు. నెట్ నుంచి వచ్చే దాడులను ఆపే ఫైర్‌వాల్ డబ్బా వేరే, 38,000. కమిటీల సగం మంది వద్దంటున్నరు. మీరేమంటరు?

సర్వర్_గది:
వద్దు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, ముందు ఆ మూడింటి సంగతి చూడండి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండి, ప్రాసెసరు ఇంటెల్ ఎనిమిదో తరమో ఆపైదో అయితే విండోస్ 11 ఎక్కుతుంది. లేకపోతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనెక్స్ వేయండి. డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే ఉంది. రౌటర్‌లో డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి దాని చిరునామా వెతికిచ్చే సేవ) 9.9.9.9 పెడితే, చెడ్డవని తెలిసిన సైట్లు తెరుచుకోవు, పైసా ఖర్చు లేదు. సేవా సంస్థలకు గూగుల్ మెయిల్ ఉచితం, దానికి రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగేది) పెట్టండి. అంతా కలిపి ఒక ఆదివారం పని. ఏడాదికి 50,400 అంటే పిల్లల నోటుపుస్తకాల డబ్బు.

పరకాల_పోరడు:
అన్నా, ఆ డబ్బా లైసెన్సు ఏటేటా రెన్యువల్ ఎంతనో అడిగినవా?

సర్వర్_గది:
అదీ ప్రశ్న. రెన్యువల్ కట్టకపోతే దానికి కొత్త దాడుల జాబితాలు రావు. 38,000 గోడకు తగిలించినట్టే.

కాజీపేట_లెక్కలు:
నేను మూడు సంస్థలకు లెక్కలు రాస్త. రెండేండ్ల కింద పుస్తకాల సప్లయర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, మా బ్యాంకు ఖాతా మారింది అని. పాత మెయిల్ కిందనే జవాబు లెక్క ఉంది, బిల్లు నంబరు సుత కరెక్టే. 1,40,000 పంపిన. తొమ్మిది రోజులకు సప్లయర్ ఫోన్ చేసి పైసలు రాలేదన్నడు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసినం గని అప్పటికే ఆ ఖాతాల ఏం లేదు. మా మెయిల్‌ల ఎవడో, మాకొచ్చేటివి వానికి సుత పోయేటట్టు ఫార్వర్డ్ రూలు పెట్టి నెలల తరబడి చదువుతున్నడంట.

సర్వర్_గది:
అది ఏ డబ్బాతోనూ ఆగేది కాదు. పాత నంబరుకు ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది.

కాజీపేట_లెక్కలు:
నేను డబ్బా మాట ఎత్తిన్నా? ఫోన్ చెయ్యలే, నా తప్పే. కమిటీ ముందట నిలబెట్టి అడిగితే అదే చెప్పిన. కానీ రెండంచెల వెరిఫికేషన్ మాకు సుత ఒక ఆదివారం పనే అన్నరు. ఆ ఆదివారం రాలే. పెడ్తనన్న పిల్లగానికి హైదరాబాద్‌ల నౌకరి వచ్చింది, పోయిండు. ఊరికే చేసేటోణ్ని ఎట్ల గట్టిగ అడుగుతం సారు?

జనగామ_మాస్టారు:
కొట్లాడకున్రి. డబ్బా కొనకున్రి.

సర్వర్_గది:
డబ్బు కట్టినంత మాత్రాన బాధ్యత ఆయన మీదికి పోదు. 2023 డేటా రక్షణ చట్టంలో వివరాలు సేకరించిన సంస్థే జవాబుదారు.

హన్మకొండ_ట్రస్టు:
దాతలు ఆఫీసు ఖర్చంటే మొఖం ముడుస్తరు. విదేశీ విరాళాలల్లనైతే 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటొద్దు. మా బాధ గది.

సర్వర్_గది:
ఒక మాట చెప్తాను. ఆరేళ్లు ఒక సంస్థకు ఊరికే చేశాను. కేబుళ్లు కూడా నా డబ్బుతోనే. ఒకసారి పెట్రోలు ఖర్చు అడిగితే "సేవ కదా సారూ" అన్నారు. మరుసటి ఏడు వాళ్లే నెలకు 5,000కు ఒక కంపెనీని పెట్టుకున్నారు. ఆ కంపెనీవాళ్లు బ్యాకప్ ఒక్కసారి కూడా తిరిగి తెరిచి చూడలేదు. నేను చేసినప్పుడు అది పని కాదా?

కాజీపేట_లెక్కలు:
పనే. మీకు పైసలియ్యకపోవుడు వాళ్ల తప్పు. నేను ముందట్నుంచి అంటున్నది గదే. చేసేటోనికి కట్టున్రి, కట్టి అడుగున్రి. అది మీరైనా సరే, నక్కలగుట్ట ఆయనైనా సరే.

సర్వర్_గది:
నేను డబ్బు కోసం చేయలేదు.

కాజీపేట_లెక్కలు:
నేను సుత చీవాట్ల కోసం లెక్కలు రాస్తలేను.

హన్మకొండ_ట్రస్టు:
డబ్బా లేకుంట, ఆరు నెలల మందమే పని ఒప్పుకొమ్మని నక్కలగుట్ట ఆయన్ని అడుగుత. నెలకోసారి బ్యాకప్ మా ముందట తెరిచి చూపెట్టాలని కాగితం మీద రాయించుకుంట. సర్వర్_గది సారు, ఆ కాగితం ఒక్కసారి చూస్తరా? పెట్రోలు ఖర్చు మాది.

సర్వర్_గది:
కాగితం పంపండి. ఆ మూడు కంప్యూటర్ల మోడల్ నంబర్లు కూడా.

పరకాల_పోరడు:
రెన్యువల్ ఎంతనో అయినా అడుగు అన్నా.