గుల్మార్గ్‌లో మంచు చరియ నుంచి బయటపడ్డాను, నాది తప్పంటారా?

రాజాం కుర్రోడు: అఫర్వత్ కొండ మీద గొండోలా (రోప్‌వే) దిగి, భద్రతా సిబ్బంది కాపలా కాసే హద్దు దాటి స్కీయింగ్ చేశాం. ముందు రాత్రంతా మంచు, ఈదురుగాలి. మలుపు తిరగ్గానే కాళ్ల కింద ‘ధబ్’మంది. స్కీల ముందు మంచు మీద గీత పడింది. పలకలా విరిగి నన్ను గెడ్డలోకి తోసేసింది. నడుం దాకా కూరుకుపోయాను, స్నేహితుడు పారతో తవ్వి లాగాడు. చిన్న చరియే. బీకన్ (కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార అన్నీ ఉన్నాయి. అయినా ఇంట్లో అందరూ తిడుతున్నారు.

బొబ్బిలి మాస్టారు: ఒక్కొక్కరుగా దిగారా, ఇద్దరూ ఒకేసారా?

రాజాం కుర్రోడు: ఒకేసారే. ఎడంగానే ఉన్నాం మాస్టారూ.

బొబ్బిలి మాస్టారు: ఇద్దరూ కూరుకుపోతే తవ్వేదెవరు? బీకన్ మనిషి ఎక్కడున్నాడో చూపిస్తుంది, పైకి తియ్యదు. పావుగంటలోపు తీస్తే చాలామంది బతుకుతారు, ఆలస్యమయ్యేకొద్దీ ఊపిరాడక పోతారు. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే జారతాయి, మీకు సరదాగా ఉండేదీ ఆ వాలే. గెడ్డలో చిన్న చరియైనా లోతుగా పేరుకుంటుంది.

విజీనారం: పైడితల్లి దయ. దిష్టి తీయించుకో తమ్ముడూ.

సంతబొమ్మాళి: మా అన్నయ్య గుజరాత్ వేరావల్‌లో చేపల బోటెక్కుతాడు. వెళ్లకపోతే పొయ్యి వెలగదు. నువ్వు డబ్బిచ్చి మరీ ప్రాణం మీదకి తెచ్చుకున్నావు.

రాజాం కుర్రోడు: నా జీతం, నా ఇష్టం. దానికీ దీనికీ సంబంధమేంటన్నా?

బొబ్బిలి మాస్టారు: ఒక్కొక్కరుగా దిగి ఉంటే ఈ గొడవే లేదు.

సంతబొమ్మాళి: ఆ ఒక్క ముక్క వదలరా మాస్టారూ! అదే అఫర్వత్ మీద 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు. వెతకడానికి వెళ్లినవాళ్లకి పెళ్లాం పిల్లలు లేరా?

రాజాం కుర్రోడు: సముద్రంలో బోటు తప్పిపోతే వెతకరా మరి?

సంతబొమ్మాళి: వెతికారా? తుఫానులో అన్నయ్య బోటు జాడ తెలియకపోతే మా వదిన చంటిపిల్లని చంకనేసుకుని ఒక ఆఫీసు మెట్ల మీద పొద్దుగూకే దాకా కూర్చుంది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. బోటు దానంతటదే ఒడ్డుకి చేరింది. మీలాంటోళ్లు చిక్కుకుంటే హెలికాప్టర్ ఏదని టీవీల్లో అడుగుతారు. నా కడుపుమంట అదీ.

పలాస జీడి: అంటే మీ కోపం ఆ ఆఫీసు మీదన్నమాట.

సంతబొమ్మాళి: ఇద్దరి మీదా.

రాజాం కుర్రోడు: వదినకి జరిగింది అన్యాయమే అన్నా. అందుకని నేను కొండ ఎక్కడం మానాలా? ఈసారి ఒక్కొక్కరుగానే దిగుతాం. వెళ్లడం మాత్రం మానను.

సంతబొమ్మాళి: వెళ్లు. మొన్న మీ అమ్మకి చెప్పి వెళ్లావా లేదా, ముందది చెప్పు.