షాట్‌గన్ షెల్స్ ఇంట్లో రీలోడ్ చేద్దామనుకుంటున్నా, ఏ మెషిన్ కొనాలి?

కేటీ_కుర్రాడు:
అందరికీ నమస్తే. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను. ఏడాదిన్నరగా ఆదివారం పొద్దున్నే స్పోర్టింగ్ క్లేస్‌కి (ఎగిరే మట్టి పలకల్ని షాట్‌గన్‌తో కొట్టే ఆట) పోతున్నాం. మొదట ఆఫీసులో ఒకాయన నన్ను లాక్కెళ్లాడు, ఇప్పుడు నేను మా ఆవిడని లాక్కెళ్తున్నా. నాది 12 గేజ్ (గేజ్ అంటే బ్యారెల్ లావు కొలత) సెమీ ఆటో, తనది 28 గేజ్ ఓవర్ అండర్, అంటే ఒకదానిమీద ఒకటి రెండు బ్యారెల్స్. ఇద్దరికీ కలిపి వారానికి 200 షెల్స్ అయిపోతున్నాయి, 28 గేజ్ బాక్స్ బిల్లు కట్టేటప్పుడల్లా తను నా వైపు ఒక చూపు చూస్తుంది, ఆ గన్ కొనిపించింది నేనే కదా. అందుకని గ్యారేజ్‌లో ఒక మూల బెంచ్ వేసి రీలోడింగ్, అంటే పేల్చిన ఖాళీ షెల్స్‌ని మళ్లీ నింపడం, మొదలుపెడదామని. లీ లోడ్ ఆల్ అనే మెషిన్ బాగా చవక. ఇంకోవైపు సెకండ్ హ్యాండ్‌లో మెక్ 9000 ప్రోగ్రెసివ్, 12 గేజ్‌ది ఒకటి దొరుకుతోంది, అమ్మే ఆయన లివర్ లాగినప్పుడల్లా ఒక షెల్ రెడీ అని ఊరిస్తున్నాడు. ఏది తీసుకోమంటారు? ఖాళీ షెల్స్ రెండు బకెట్లు పోగేశాను.

గోదారి_గట్టు:
తమ్ముడూ, మెషిన్ సంగతి తర్వాత, ముందు లెక్క చూడు. సీసం గుళ్ల బ్యాగ్ 25 పౌండ్లు, అంటే 400 ఔన్సులు. 12 గేజ్‌లో ఔన్స్ చొప్పున నింపితే 400 షెల్స్, బాక్స్‌కి 25 లెక్కన 16 బాక్సులు. 28 గేజ్‌లో ముప్పావు ఔన్స్ చొప్పున అదే బ్యాగ్‌కి 533, అంటే 21 బాక్సుల పైనే. కొట్లో చూస్తే 28 బాక్సే ఖరీదు. 12 గేజ్ టార్గెట్ షెల్స్ సేల్‌లో కేసుల లెక్కన కొంటే, ఇంట్లో చేసి నువ్వు మిగుల్చుకునేది దాదాపు ఏమీ ఉండదు, పైగా శనివారం సాయంత్రం పోతుంది. కాబట్టి 12 గేజ్‌ది దొరికింది కదా అని ఆ 9000 కొనకు, మీ ఇంట్లో డబ్బు కారుతున్నది 28 దగ్గర. లీ లోడ్ ఆల్ 12, 16, 20లోనే వస్తుంది, 28కి లేదు, ఆ గొడవ అక్కడితో సరి.

నన్నడిగితే 28 గేజ్‌లో మెక్ సైజ్‌మాస్టర్. సింగిల్ స్టేజ్, ఒక షెల్ మొత్తం పూర్తయ్యాకే రెండోది. అందులో ఒక కాలెట్ ఉంటుంది, షెల్ అడుగున ఉన్న లోహం భాగాన్ని చుట్టూ నొక్కి మళ్లీ ఫ్యాక్టరీ కొలతకి తెస్తుంది. ప్రోగ్రెసివ్ చెడ్డదని కాదు, నా దగ్గరా ఉంది. కానీ అందులో లివర్ లాగినప్పుడల్లా ఒకచోట ప్రైమర్ (నిప్పు రాజేసే చిన్న మూత), ఒకచోట పౌడర్ (పేలే మందు), ఒకచోట గుళ్లు అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి, ఎక్కడ తేడా కొట్టిందో కొత్తవాడికి నాలుగు షెల్స్ దాటాక గానీ తెలీదు.

ఒహాయో_అక్క:
పై ఆయన చెప్పినదానికి నాదొక మాట, మెషిన్‌లో మిగిలిన డబ్బుతో మంచి స్కేల్ కొనండి, పదో వంతు గ్రెయిన్ (పౌడర్ తూచే చిన్న కొలత) చూపించేది, సరిచూసుకోడానికి చెక్ వెయిట్స్ కూడా. పౌడర్ బుషింగ్‌కి (ఒక్కో షెల్‌కి పౌడర్ కొలిచి వేసే చిన్న గొట్టం) నంబర్ ఉంటుంది, ఏ నంబర్‌కి ఎంత పడుతుందో చార్ట్ ఇస్తారు, కానీ చార్ట్‌లో రాసినంత పడదు, తరచుగా తక్కువే పడుతుంది, మీరు లివర్ లాగే తీరుని బట్టి కూడా మారుతుంది. పది సార్లు వేసి తూచి చూసుకోవాలి. స్కేల్ మీదికి ఏసీ గాలి రాకుండా చూసుకోండి.

మొదటి నెలలో నాకు జరిగింది చెప్తా. ఫోన్ వచ్చింది, మాట్లాడుతూనే లివర్ లాగాను, ఒక షెల్‌లో పౌడర్ పడలేదు. రేంజ్‌లో ట్రిగ్గర్ నొక్కితే టప్ మని చిన్న చప్పుడు, నాలుగు గుళ్లు కాళ్ల ముందు రాలాయి. పక్క స్టేషన్ పెద్దాయన ఆపు ఆపు అని అరిచాడు కాబట్టి సరిపోయింది. గన్ తెరిచి చూస్తే ప్లాస్టిక్ వాడ్ (పౌడర్‌కీ గుళ్లకీ మధ్య ఉండే కప్పు) బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉంది, దాని వెనకాల ఇంకో షాట్ కొట్టి ఉంటే బ్యారెల్ చీలేది. అప్పట్నుంచి ఫోన్ వంటింట్లో వదిలేసే బెంచ్ దగ్గర కూర్చుంటాను.

ఖాళీ షెల్, ప్రైమర్, పౌడర్, వాడ్, గుళ్ల బరువు, ఈ ఐదూ పౌడర్ కంపెనీ డేటాలో ఎలా ఉంటే అలాగే. ఇది ఆవకాయ కాదు, ఉజ్జాయింపు పనికిరాదు. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, చిన్నపిల్లలుంటే ఆ గ్యారేజ్ మూలకి రానివ్వకండి.

రూల్_బుక్:
మధ్యలో వస్తున్నందుకు సారీ, మనవాళ్లు చాలామంది చదువుతారు కాబట్టి చెప్తున్నా. హెచ్ వన్ బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం గన్, అమ్యూనిషన్ రెండూ నిషేధమే, ఇక్కడి హంటింగ్ లైసెన్స్ గడువు దాటకుండా చేతిలో ఉండటంలాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. చాలామందికి తెలీనిదేంటంటే ఆ చట్టంలో అమ్యూనిషన్ అంటే తయారైన షెల్ ఒక్కటే కాదు, ప్రైమర్లూ పౌడరూ కూడా అందులోకే వస్తాయి. గ్రీన్ కార్డ్ ఉంటే ఈ తలనొప్పి లేదు. అనుమానం ఉంటే కొనకముందే లాయర్‌ని అడగండి.

గుంటూరు_కారం:
మా నాన్నగారికి లైసెన్స్ ఉన్న 12 బోర్ ఉంది. ఇక్కడ ఇండియాలో మనమూ ఇలా చేసుకోవచ్చా?

రూల్_బుక్:
వద్దు. ఆయుధాల చట్టం 1959 ఐదో సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి వేరే లైసెన్స్ కావాలి, నాన్నగారి గన్ లైసెన్స్ దానికి చెల్లదు. డీలర్ దగ్గర కొనుక్కోండి.

గోదారి_గట్టు:
ఒకటి మర్చిపోయా తమ్ముడూ. నీ బకెట్లలో షెల్స్‌కి అయస్కాంతం పెట్టి చూడు. అతుక్కుంటే అడుగు ఇత్తడి కాదు, స్టీలు. అవి సైజ్‌కి రావడానికి మొండికేస్తాయి, నీ సెమీ ఆటోలో ఇరుక్కుంటాయి కూడా. మొదట్లో ఏదో ఒకే రకం షెల్ పెట్టుకో, వించెస్టర్ ఏఏ గానీ రెమింగ్టన్ ఎస్టీఎస్ గానీ. కలిపేస్తే ఒకదానికి మూతి మడత సరిగ్గా పడి ఇంకోదానికి మధ్యలో చిల్లు మిగులుతుంది, ఆ చిల్లులోంచి గుళ్లు జేబులో రాలతాయి. ఆరు మడతలదో ఎనిమిది మడతలదో చూసి దానికి తగ్గ క్రింప్ స్టార్టర్ (మూతి మడత మొదలుపెట్టే భాగం) పెట్టు.

కేటీ_కుర్రాడు:
గ్రీన్ కార్డ్ పోయినేడే వచ్చింది అన్నా, ఆ టెన్షన్ లేదు. ఫ్రిజ్ మీది తిరుపతి మాగ్నెట్ పట్టుకెళ్లి కూర్చున్నా, 12 గేజ్ బకెట్లో సగానికి పైగా అతుక్కున్నాయి, అవి రీసైక్లింగ్‌కి పోతాయి. 9000 ఆయనకి వద్దని మెసేజ్ పెట్టేశా. 28లో సైజ్‌మాస్టర్ ఆర్డర్ చేస్తున్నా, స్కేల్ కూడా. మా ఆవిడ అడుగుతోంది, 28 తన గన్ కాబట్టి లివర్ తనే లాగుతుందట, నేను ఖాళీ షెల్స్ ఏరుకురావాలట. అక్కా, చెక్ వెయిట్స్ ఎన్ని గ్రెయిన్లవి తీసుకోవాలి?

ఒహాయో_అక్క:
మీరు వేసే పౌడర్ బరువుకి దగ్గరలో ఉన్నవి. ఐదు, పది, ఇరవై ఉన్న సెట్ చాలు.