ఇంటి లాన్‌కి గరిక జాతా, జోయిసియానా?

మట్టివాసన:
ఇంటి లాన్‌కి గరిక జాతిని మించింది లేదని నా గట్టి అభిప్రాయం. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి, మాట్లాడుకుందాం.

గరిక, అంటే నర్సరీల్లో బర్ముడా పేరుతో దొరికేది, నేల మీద తీగలతోనూ పాకుతుంది, నేల లోపలి కాడలతోనూ పాకుతుంది. పైన ఎంత తొక్కినా, ఎండకి మాడినా, కింద కాడ బతికుంటే చాలు, మళ్లీ లేస్తుంది. జోయిసియా అనే ఇంకో లాన్ గడ్డికి కూడా రెండు రకాల కాడలూ ఉన్నాయి కానీ దాని నడక చాలా నిదానం. ఒకచోట బోడి పడితే అది పూడటానికి నెలలు పడుతుంది. పైగా జోయిసియాలోనే కొరియన్ గడ్డి అని అమ్మే సన్న రకాన్ని కోయకుండా వదిలేస్తే గుట్టలు గుట్టలుగా ఉబ్బుతుంది. అలాంటి గుట్టని వేళ్లతో విడదీసి చూడండి. పైన పలచటి పచ్చని పొర, దాని కింద అంతా ఎండిన గోధుమరంగు చెత్తే. అప్పుడు మెషిన్ నడిపితే ఆ పచ్చ కాస్తా తెగిపోయి మచ్చలు మిగులుతాయి. ఫొటో చూసి ముచ్చటపడి వేసుకున్నవాళ్లు తర్వాత పడే బాధ ఇదే.

నీడపట్టు:
మీరు చెప్పిన గుణాలన్నీ నిజమే అండీ. కానీ అవన్నీ నిండుగా ఎండ పడే నేలలో. గరికకి రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ కావాలి, ఎనిమిది ఉంటే ఇంకా మంచిది. ఇళ్ల దగ్గర అంత ఎండ ఎక్కడుంటుంది? ఒకవైపు గోడ, ఒకవైపు పక్కవాళ్ల మేడ, మధ్యలో ఒక చెట్టు.

నీడలో పెరిగిన గరికని దగ్గరగా కూర్చుని చూస్తే విషయం తెలిసిపోతుంది. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది, ఆకులు సన్నబడతాయి, తీగలు వెలుతురు ఉన్న వైపుకి సాగుతాయి. వాటి సందుల్లోంచి మట్టి కనిపిస్తుంది. ఎరువు వేసినా, నీళ్లు పెట్టినా అది ఒత్తుగా రాదు, ఎందుకంటే దానికి లేనిది ఎండ. జోయిసియా నాలుగైదు గంటల ఎండతో కూడా నెట్టుకొస్తుంది. సెయింట్ అగస్టీన్ (కొన్నిచోట్ల బఫెలో గడ్డి అంటారు) వెడల్పాటి ఆకు రకం. వేడి ప్రాంతపు లాన్ గడ్డుల్లో నీడని బాగా ఓర్చుకునేవాటిలో అదొకటి.

ఇంకో సంగతి, కోత. పెరిగే కాలంలో గరిక లాన్ చక్కగా ఉండాలంటే వారానికి ఒకసారైనా కోయాలి, ఒక్కోసారి రెండుసార్లు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి అది అయ్యే పనేనా? ఆ టెన్షన్ జోయిసియాతో సగం తగ్గుతుంది.

చిన్నపెరడు:
నేను కొత్తగా వేయించుకోబోతున్నాను, నా పరిస్థితి చెప్తాను. మాకు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండ బాగానే ఉంటుంది, తర్వాత గోడ నీడ కమ్మేస్తుంది. పిల్లలు రోజూ బంతాట ఆడతారు. మీ ఇద్దరి మాటలూ చదివాక ఇంకా అయోమయంగా ఉంది.

మట్టివాసన:
అయోమయం అక్కర్లేదండీ. ఎండ బాగానే ఉంటుంది అని అంచనాగా చెప్పకండి, కొలవండి. సెలవు రోజున పొద్దున్నుంచి గంటకోసారి బయటికి వెళ్లి, నాలుగైదు చోట్ల ఎండా నీడా కాగితం మీద రాసుకోండి. చలికాలంలో సూర్యుడు కిందుగా వెళ్తాడు కాబట్టి గోడ నీడ ఇంకా పొడుగవుతుంది, ఆ లెక్క కూడా చూసుకోవాలి. నేల మధ్యలో ఆరు గంటలు వస్తే గరికే వేయండి, ఎందుకంటే రోజూ బంతాట ఆడేచోట తొందరగా కోలుకునే గడ్డి కావాలి.

హైబ్రిడ్ రకాల గురించి కూడా ఒక మాట. టిఫ్‌వే 419 అనే బర్ముడా 1960లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో విడుదలైంది. ఇప్పటికీ ఆటస్థలాల్లో వాడుతున్నారంటే ఎంత తొక్కుడు తట్టుకుంటుందో అర్థం చేసుకోవచ్చు. దానికి మొలిచే విత్తనం రాదు. కాబట్టి ఆ పేరుతో ఎవరైనా విత్తనాల ప్యాకెట్ అమ్మితే కొనకండి. కాడ ముక్కలు నాటాలి, లేదా మట్టితో సహా కోసి తెచ్చిన గడ్డి పలకలు పరవాలి.

నీడపట్టు:
గంటలు కొలవమన్నది మంచి సలహా. కానీ నాలుగు గంటలే వచ్చే గోడవార భాగం సంగతేమిటి? అక్కడ కూడా గరికే వేయిస్తే రెండో ఏడాదికి మట్టే మిగులుతుంది.

చిన్నపెరడు:
మరి మధ్యలో గరిక, గోడవార జోయిసియా వేస్తే?

మట్టివాసన:
చాలామంది చెప్పే ఉపాయమే, నాకు మాత్రం నచ్చదు. గరిక ఊరుకోదు, తీగలతో జోయిసియాలోకి దూరుతుంది. ఒకసారి రెండూ కలిశాక చేత్తో వేరుచేయడం ఎవరి తరమూ కాదు. మధ్యలో లోతుగా అంచు కట్టించి, అది దాటే తీగల్ని ఎప్పటికప్పుడు కత్తిరించే ఓపిక ఉంటేనే ఆ పని పెట్టుకోండి. లేకపోతే గోడవార గడ్డే వద్దు. నీడ మొక్కలు పెట్టండి, లేదా రాళ్లు పరిచి నడకదారి చేసేయండి.

నీళ్లలెక్క:
ఎండ గురించి ఇంత మాట్లాడారు, నీళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు. లాన్‌కి వాన లేని రోజుల్లో వారానికి సుమారు 25 మిల్లీమీటర్ల నీరు కావాలని సాధారణంగా చెప్తారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. అంటే 100 చదరపు మీటర్ల లాన్‌కి వారానికి 2,500 లీటర్లు. ముందు ఈ లెక్క వేసుకుని, అన్ని నీళ్లు ఇవ్వగలమా అని ఇంట్లో మాట్లాడుకోండి. ఇవ్వలేమంటే లాన్ సైజు తగ్గించండి.

నీళ్లు ఆగినప్పుడు ఏ గడ్డి ఏం చేస్తుందన్నది కూడా ముఖ్యం. గరిక గోధుమరంగుకి తిరిగి నిద్రపోతుంది, తడి తగలగానే లేస్తుంది. సెయింట్ అగస్టీన్‌కి నేల లోపలి కాడలు లేవు, పై తీగలు ఎండిపోతే తిరిగి రావడం కష్టం. నీడ కోసం దాన్ని వేసేవాళ్లు నీళ్ల భరోసా కూడా చూసుకోవాలి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే సీషోర్ పాస్పలమ్ అనే రకం గురించి కనుక్కోండి, ఉప్పుని తట్టుకోవడంలో దానికి మంచి పేరుంది. ఏ గడ్డి అయినా రోజూ పైపైన తడపకండి. వేళ్లు లోతుకి దిగాలంటే నీళ్లు లోతుకి ఇంకాలి, మధ్యలో నేల కాస్త ఆరాలి.

చలిప్రాంతం:
మీ అందరి మాటలూ వేడి ప్రాంతాలకే. మేమున్నచోట చలికాలం గడ్డకట్టే చలి. గరికా జోయిసియా రెండూ ఇక్కడ నెలల తరబడి గోధుమరంగులో పడుంటాయి. వాటికి 27 నుంచి 35 డిగ్రీల వేడిలో ఎదుగుదల బాగుంటుంది, చలిప్రాంతపు గడ్డులకి 15 నుంచి 24. ఇక్కడ టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్, రైగ్రాస్ కలిపి చల్లుతారు. రైగ్రాస్ వారం పది రోజుల్లో మొలిచి నేలని కప్పుతుంది. బ్లూగ్రాస్ మొలవడానికి రెండు మూడు వారాలు పట్టినా, తర్వాత నేల లోపల పాకి ఖాళీలు పూడుస్తుంది. ఫెస్క్యూ వేళ్లు లోతుకి వెళ్తాయి గానీ అది ఎక్కువగా గుబుర్లుగానే పెరుగుతుంది, పలచబడ్డచోట మళ్లీ విత్తనం చల్లాల్సిందే. అదే మిశ్రమాన్ని వేడి ప్రాంతంలో చల్లితే మొదటి ఎండాకాలం గట్టెక్కడమే గగనం. ప్యాకెట్ మీద పచ్చటి బొమ్మ చూసి కొనేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

నీడపట్టు:
చిన్నపెరడు గారూ, ఏ రకం ఎంచుకున్నా తుంగ సంగతి ముందే తేల్చుకోండి. కాడని వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుగా తగిలితే తుంగ. పైన పీకితే కాడే వస్తుంది, దుంపలు లోపలే ఉండి మళ్లీ మొలుస్తాయి. గడ్డి వేయకముందే ఖాళీ నేలని తడిపి, మొలిచిందాన్ని దుంపతో సహా తవ్వి తీసి, మళ్లీ తడిపి చూడండి. నర్సరీ నుంచి వచ్చిన పలకల్ని కూడా తిరగేసి అడుగు చూశాకే పరవనివ్వండి. నెమ్మదిగా కమ్ముకునే జోయిసియాలో తుంగ ఇంకా తొందరగా చేరుతుంది, నా పక్షానికి ఇది ఇబ్బందైనా చెప్పాల్సిన మాట.

బంతాట విషయంలో మట్టివాసన గారితో ఏకీభవిస్తాను, ఎండ ఆరు గంటలుంటే. అయిదే ఉంటే మాత్రం జోయిసియా వేసి, పిల్లల్ని మొదటి ఏడాది వేరేచోట ఆడుకోమనండి.

మట్టివాసన:
పిల్లల్ని ఏడాది ఆపాల్సిన గడ్డి ఇంటి లాన్ ఎలా అవుతుందండీ? అయిదు గంటలే అయితే చెట్టు కొమ్మలు కొన్ని కొట్టించి, కోత ఎత్తు కాస్త పెంచి, గరికతోనే ప్రయత్నించమంటాను. ఆకు ఎక్కువుంటే దొరికిన ఎండనైనా బాగా పట్టుకుంటుంది.

చిన్నపెరడు:
మాకు అడ్డం గోడే, చెట్టు కాదు. ఈ ఆదివారం గంటలు రాసుకుంటాను, తుంగ కోసం నేల కూడా తడిపి పెడతాను. కొలతలు ఇక్కడే పెడతాను, అప్పుడు ఇద్దరూ మళ్లీ చెప్పండి.