గంటలు, నిమిషాల తీసివేతలో తడబడుతున్న మూడో తరగతి పిల్లలు

ప్రశ్న:
మా తరగతిలో 60 సెకన్లు ఒక నిమిషమని, 60 నిమిషాలు ఒక గంట అని అందరూ తడుముకోకుండా చెబుతారు. అయినా 3 గంటల 10 నిమిషాల నుంచి 1 గంట 45 నిమిషాలు తీసివేయమంటే చాలామంది 1 గంట 65 నిమిషాలు అని రాస్తున్నారు. పట్టికను ఎన్నిసార్లు వల్లె వేయించినా ఫలితం కనిపించడం లేదు. ఎక్కడి నుంచి సరిదిద్దాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.

మొదటి జవాబు:
ఆ 65లోనే కారణం ఉంది. పిల్లలు ఒక గంటను అప్పు తెచ్చుకుని, అలవాటు ప్రకారం దాన్ని 100గా లెక్కించి, 110లో నుంచి 45 తీసివేశారు. అంటే వారికి తీసివేత వచ్చు. గంటను విడగొడితే 60 వస్తుందన్నది మాత్రం లెక్కలోకి దిగలేదు. కాబట్టి కొన్నాళ్లు నిలువు తీసివేతను పక్కన పెట్టి, ఒక గీత గీసి దానిపై 1:45 నుంచి 2:00కు 15 నిమిషాలు, అక్కడి నుంచి 3:00కు ఒక గంట, ఆపై 3:10కి 10 నిమిషాలు అని గెంతులు వేయించండి. జవాబు 1 గంట 25 నిమిషాలని వారే చెబుతారు. తర్వాత నిలువు తీసివేతకు వచ్చినప్పుడు గంటలకు, నిమిషాలకు వేర్వేరు గడులు గీసి, అప్పు తెచ్చిన 60ని 10కి కలిపి 70 అని పైన రాయించండి. సమయాన్ని 3.10 అని చుక్కతో రాయించడం నా దృష్టిలో హానికరం, ఎందుకంటే పై తరగతుల్లో అది దశాంశంతో కలిసిపోయి గంటన్నరను 1.3 గంటలుగా రాసే పొరపాటుకు దారితీస్తుంది.

రెండో జవాబు:
పై సలహా సరైనదే, కానీ అంతకంటే ముందు నిమిషం ఎంతసేపో పిల్లలకు అనుభవంలోకి రావాలి. కళ్లు మూసుకుని, నిమిషం గడిచిందనుకున్నప్పుడు చెయ్యి ఎత్తమనండి. సుమారు మీటరు పొడవున్న దారానికి చిన్న బరువు కట్టి మెల్లగా ఊపితే, అది ఒక వైపు నుంచి మరో వైపుకు వెళ్లడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. అలా 60 లెక్కపెట్టిన పిల్లలకు ఆ సంఖ్య వట్టి అంకెగా మిగలదు. గడియారం నేర్పేటప్పుడు కూడా మొదట చిన్న ముల్లు ఒక్కటే ఉన్న అట్ట గడియారం వాడండి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు, గీత పద్ధతిని ఈ వారమే మొదలుపెడతాను. నెలకు నాలుగు వారాలని చెప్పవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
చెప్పకండి. నాలుగు వారాలంటే 28 రోజులే. అది లీపు సంవత్సరం కాని ఏడాదిలో ఫిబ్రవరికి మాత్రమే సరిపోతుంది. క్యాలెండరు చేతికిచ్చి ప్రతి నెలలో ఎన్ని రోజులు మిగులుతున్నాయో వారినే లెక్కపెట్టనివ్వండి.